గోడకు అటూ ఇటూ

1943లో అమెరికాలో విడుదలైన 'ద మోర్ ద మెరియర్' సినిమాలో తుపాకీ పేలదు, బాంబు పడదు, శత్రు సైనికుడు ఒక్కడూ కనిపించడు. అయినా యుద్ధ సినిమాల మాట వచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. ఇందులో యుద్ధం నేరుగా మనిషి ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. అద్దెకు గది దొరకదు. హోటల్లో మంచం దొరకదు. పొద్దున్నే స్నానాల గది ఖాళీగా ఉండదు. పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్న కుర్రాడు ఇంకో రెండు రోజులకు ఏ దేశంలో ఉంటాడో, అసలు ఉంటాడో లేదో తెలియదు. ఇన్ని లేనితనాల మధ్య ఒక ప్రేమకథ నడిపి, కడుపుబ్బ నవ్వించాడు దర్శకుడు జార్జ్ స్టీవెన్స్. ఆయన ఆ తర్వాత అచ్చమైన హాస్య చిత్రం మళ్లీ తీయలేదు. ఎందుకు తీయలేదన్నది నన్ను చాలాకాలంగా పట్టి ఉంచిన సంగతి.

కథ వాషింగ్టన్ నగరంలో జరుగుతుంది. బెంజమిన్ డింగిల్ అనే పెద్దాయన, బాగా డబ్బున్నవాడు, ఇళ్ల కొరత గురించి ప్రభుత్వానికి సలహా ఇవ్వడానికి ఆ ఊరొస్తాడు. రెండు రోజులు ముందే దిగడంతో ఆయనకే హోటల్లో చోటు ఉండదు. పేపర్లో ప్రకటన చూసుకుని ఒక ఇంటికి వెళ్తే, గుమ్మం ముందు అప్పటికే జనం బారులు తీరి ఉంటారు. ఆయన ఇంటి యజమానిలా ముందుకొచ్చి, గది అయిపోయిందని చెప్పి అందర్నీ పంపేస్తాడు. తీరా ఆ ఇల్లు మిల్లిగన్ అనే ఉద్యోగినిది. ఉన్న కాస్త చోటూ ఇంకొకరితో పంచుకోవడం ఈ సమయంలో తన ధర్మమని నమ్మి, ఎవరైనా ఆడమనిషికి సగం ఇద్దామనుకుంది. ఆ సగం మాటకారి డింగిల్ చేజిక్కించుకుంటాడు. అంతటితో ఆగకుండా, ఆమెకు చెప్పకుండా తన సగంలో సగం జో కార్టర్ అనే సార్జెంటుకు అద్దెకిచ్చేస్తాడు. సైన్యం ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నవాడు కార్టర్. విమానం ప్రొపెల్లర్ ఒకటి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. అంత పొడుగు సామానుతో ఆ చిన్న ఇంట్లోకి అతను ఎలా దూరతాడా అని మనం చూస్తుంటాం. చాలీచాలని చోటు గురించి ఇంకేం చెప్పాలి!

ఇది రచయితలు అల్లిన కల్పనే గాని, గాలిలోంచి పుట్టింది కాదు. 1940 జనాభా లెక్కల్లో వాషింగ్టన్‌లో ఉన్నది 6,63,091 మంది. పదేళ్లు తిరిగేసరికి ఆ లెక్క ఎనిమిది లక్షలు దాటింది. యుద్ధం మొదలయ్యాక ప్రతి రైలూ ఉద్యోగాలకు వచ్చేవాళ్లను దింపేది. వాళ్లలో ఎక్కువమంది టైపు, ఫైళ్లు, లెక్కలు చూసే యువతులు. గవర్నమెంట్ గర్ల్స్ అని వాళ్లకు పేరే పడిపోయింది. వాళ్ల కోసం నది అవతల ఆర్లింగ్టన్ ఫార్మ్స్ అనే చోట దాదాపు 7,000 మందికి హాస్టళ్లు కట్టాల్సొచ్చింది. పెంటగాన్ లాంటి మహా కట్టడాన్ని 1941 సెప్టెంబరులో మొదలుపెట్టి 1943 జనవరికల్లా పూర్తి చేశారు. ఆఫీసు కట్టడానికి పదహారు నెలలు చాలాయి గాని, అందులో పనిచేసేవాళ్లు రాత్రి ఎక్కడ తల వాల్చాలన్నదే తేలలేదు. మగవాళ్లు యుద్ధానికి తరలిపోయిన ఊళ్లో ఆడవాళ్లు ఎంతమంది, మగవాళ్లు ఎంతమంది అన్నది సినిమా పొడుగునా ఒక నవ్వులాట. ఆ నవ్వులాట కింద ఏముందో అప్పటి ప్రేక్షకురాలికి ఒకరు విప్పి చెప్పనక్కర్లేదు.

మా చిన్నప్పుడు మేమున్నది వాటాల ఇల్లు. నాలుగు వాటాలకూ ఒకటే కుళాయి, ఒకటే స్నానాల గది. పక్క వాటావాళ్ల పోపు వాసనను బట్టి వాళ్లింట్లో ఆ పూట కూరేమిటో చెప్పగలిగేవాళ్లం. వాళ్ల దగ్గు, వాళ్ల తగాదా, వాళ్ల పిల్లాడి ఎక్కాలు అన్నీ మాకు వినిపించేవి. వినిపించనట్టు ఉండటం అక్కడి మర్యాద. అలాంటి ఇంట్లో పెరిగినవాళ్లకు మిల్లిగన్ వేసే పొద్దుటి టైంటేబుల్ చూస్తే వెంటనే ప్రాణం లేచొస్తుంది. ఎవరు ఎప్పుడు లేవాలి, ఎవరు ఎన్ని నిమిషాలు స్నానాల గదిలో ఉండాలి, ఆ లోపల రెండోవాళ్లు పాలసీసా తేవాలా, కాఫీ పెట్టాలా, పేపరు తేవాలా అన్నది నిమిషాల లెక్కన గీసి, కాగితం ఆ పెద్దాయన చేతిలో పెడుతుంది. మర్నాడు పొద్దున ఆ లెక్క కాస్తా కలగాపులగం అవుతుంది. ఆయన ప్యాంటు కనిపించదు. ఆమె ఒక తలుపులోంచి వస్తుంటే ఆయన ఇంకో తలుపులోంచి దూరతాడు. ఇద్దరూ ఒకరికొకరు అడ్డం రాకూడదని పడే తిప్పలే ఒకరిని ఇంకొకరి మీదికి తోస్తుంటాయి. డింగిల్ వేషం వేసిన చార్లెస్ కోబర్న్‌కు అప్పటికి అరవై దాటింది. భారీ మనిషి. ఆ శరీరంతో ఆయన ఆ నాలుగు గజాల చోటులో పరుగులు పెడుతుంటే చూడాలి. 1944 మార్చిలో ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ ఇచ్చారు. ఆ ఒక్క పొద్దుటి సన్నివేశానికే ఇవ్వొచ్చు.

స్టీవెన్స్‌కు ఈ విద్య ఊరికే రాలేదు. కెమెరామన్‌గా లారెల్, హార్డీల చిట్టి సినిమాలకు పనిచేసినప్పుడు అబ్బిన చదువది. ఆ ఇద్దరి హాస్యంలో తొందర ఉండదు. ఒకడు తలుపు వేస్తాడు. రెండోవాడి ముక్కు ఎక్కడుందో మనకు తెలుసు, వాడికి తెలియదు. దెబ్బ తగలడం కంటే తగలబోతోందన్నదే నవ్వు. ఆ ఓపికను స్టీవెన్స్ ప్రేమ సన్నివేశానికి వాడుకున్నాడు. ఇంటి మెట్ల మీద ఆ రాత్రి సంగతి చెబితే గాని ఈ సినిమా గురించి చెప్పినట్టు కాదు.

కార్టర్, మిల్లిగన్ నడుచుకుంటూ ఇంటికొస్తారు. వీధి పొడుగునా చీకట్లో జంటలు. మెట్ల మీద కూర్చుంటారు. మిల్లిగన్‌కు అప్పటికే పెండర్‌గాస్ట్ అనే ఆఫీసరుతో పెళ్లి కుదిరి ఉంది. ఆమె అతని గురించి చెప్పుకుపోతుంటుంది. ఎంత స్థిరమైన మనిషో, ఎంత జీతమో, ఎంత భవిష్యత్తుందో. ఇవతల కార్టర్ చెయ్యి ఆమె భుజం మీదికి వస్తుంది. ఆమె మాట ఆపకుండానే ఆ చెయ్యి తీసేస్తుంది. అది మెడ మీదికి వస్తుంది. మళ్లీ తీసేస్తుంది. పెండర్‌గాస్ట్ గుణగణాల వర్ణన సాగుతూనే ఉంటుంది గాని, వాక్యాల మధ్య ఊపిరి తప్పుతుంటుంది. గొంతు ఒక మాట చెబుతుంటే ఒళ్లు ఇంకో మాట చెబుతోంది. జీన్ ఆర్థర్ గొంతులో సన్నటి జీర ఉండేది. ఆ జీర ఒక్కోసారి మాట మధ్యలో పగిలేది. ఆ గొంతుతో ఆమె ఈ సన్నివేశం చేసిన తీరు చూస్తే, ఆవిడకు నటిగా జీవితం మొత్తంలో దక్కిన ఒకే ఒక్క ఆస్కార్ నామినేషన్ ఈ సినిమాకే రావడం ఎంత న్యాయమో తెలుస్తుంది. చివరికి ముద్దు. ఆ తర్వాత ఇద్దరూ లేచి, పరాయివాళ్లలా ఒకరినొకరు ఇంటిపేర్లతో పిలుచుకుని గుడ్‌నైట్ చెప్పుకుని, ఒకే గుమ్మంలోంచి ఒకే ఇంట్లోకి వెళ్తారు.

లోపలికి వెళ్లాక వస్తుంది గోడ సన్నివేశం. ఇద్దరి మంచాలూ ఒకే గోడకు అటొకటి, ఇటొకటి. కెమెరాను కిటికీల బయట పెట్టి తీశాడు స్టీవెన్స్. మనకు రెండు గదులూ ఒకేసారి కనిపిస్తాయి. మధ్యలో గోడ ఒక నిలువు గీత అంతే. ఆ గీతను కళ్లు ఒక్క క్షణం మరిచిపోతే, వాళ్లిద్దరూ ఒకే పక్క మీద పడుకుని మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. పెళ్లికాని జంటను ఒకే పక్క మీద చూపడానికి ఆ రోజుల్లో హాలీవుడ్ నిబంధనలు ఒప్పుకునేవి కావు. నిబంధన ప్రకారం గోడ ఉంది. ఉండీ లేదు. చీకట్లో, ఒకరి ముఖం ఒకరికి కనిపించకుండా, కార్టర్ ఆ గోడతో చెబుతాడు తన ప్రేమ సంగతి. ఎదురుగా ఉంటే అనలేని మాట గోడ అడ్డుంది కాబట్టి అనగలిగాడు.

ఇక్కడే నాకు ఈ సినిమా నమ్మకం దొరుకుతుంది. మనుషుల్ని ఒకచోట ఇరికించి పెడితే వాళ్లు చెడిపోరు, ఒకరికొకరు అవుతారు అన్నది ఆ నమ్మకం. అపరిచితుల మధ్య గోడ పల్చన. కాలం ఎంత తక్కువుంటే అది అంత పల్చబడుతుంది. చివర్లో, పరువు కోసం హడావిడిగా పెళ్లి చేసుకుని, ఆ పెళ్లి రద్దు చేసుకుందామనుకుంటూ ఇంటికొచ్చిన ఆ ఇద్దరికీ తెలియకుండా డింగిల్ ఆ గోడనే తీయించేస్తాడు. అదే ఏడాది ఉత్తమ చిత్రం ఆస్కార్ 'కాసబ్లాంకా'కు వెళ్లింది. అందులో యుద్ధం కోసం ప్రేమికులు విడిపోతారు. ఆ త్యాగం గొప్పదే, కాదనను. కానీ రేపు విడిపోక తప్పదని తెలిసి ఇవాళ ఒకటవడానికి కావాల్సిన ధైర్యం అంతకంటే తక్కువదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంత ఇష్టంగా చెబుతున్నా, ఈ సినిమా చూడని సంగతులు కూడా చెప్పాలి. పక్కింటి కుర్రాడు కార్టర్‌ను జపాన్ గూఢచారి అనుకుని ఎఫ్‌బీఐకి చెప్పేస్తాడు. అక్కడి నుంచే పెళ్లిదాకా వస్తుంది కథ. సినిమాలో అది నవ్వు. కానీ 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఉత్తర్వుతో, జపాన్ రక్తం ఉందన్న ఒకే కారణానికి లక్షా ఇరవై వేల మందిని ఇళ్లూ వాకిళ్లూ వదిలించి ముళ్లకంచెల వెనక పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే. తెల్లవాడైన కార్టర్ మీద అనుమానం ఒక్క పూటలో తేలిపోయింది. వాళ్ల మీద అనుమానం ఏళ్ల తరబడి తేలలేదు. ఇళ్ల సంగతీ అంతే. పెంటగాన్ చుట్టూ రోడ్ల కోసం 1942లో క్వీన్ సిటీ అనే నల్లజాతివాళ్ల పేటను నేలమట్టం చేశారు. సొంత ఇళ్లు, చర్చిలు, ఏళ్లుగా ఉన్న ఇరుగూపొరుగూ అన్నీ పోయాయి. ఈ సినిమా మనుషులకు ఇల్లు దొరక్కపోవడం వేడుక. నదికి అవతల ఉన్న ఇల్లు పోయినవాళ్లు తెర మీదికి రానే రారు. ఇరుకు అందరికీ ఒక్కలా ఉండదని ఈ సినిమా తీసేనాటికి స్టీవెన్స్‌కు తెలియదేమో. ఆ తర్వాత తెలిసింది. ఎవరికీ తెలియకూడనంతగా తెలిసింది.

సినిమా పూర్తవగానే ఆయన సైన్యంలో చేరాడు. అప్పటికే పేరున్న దర్శకుడు, ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి. వెళ్లకపోతే అడిగేవాడు లేడు. కెమెరాలతో ఒక దళాన్ని వెంటేసుకుని ఉత్తర ఆఫ్రికా నుంచి మొదలుపెట్టి, 1944లో నార్మండీ తీరం, పారిస్ విముక్తి అన్నీ చిత్రించాడు. 1945 ఏప్రిల్ 29న అమెరికా సైన్యం దాఖావ్ నిర్బంధ శిబిరం తలుపులు తెరిచింది. కొన్ని వేల మంది కోసం కట్టిన ఆ శిబిరంలో ముప్ఫై వేలకు పైగా మనుషులున్నారు. బయట రైలుపెట్టెల నిండా శవాలు. లోపల బల్లల మీద బతికున్నవాళ్లూ చనిపోయినవాళ్లూ పక్కపక్కనే. టైఫస్ సోకి ఒళ్లు మసులుతున్నవాళ్లు, లేచి నిలబడలేనివాళ్లు. స్టీవెన్స్ అక్కడికి వెళ్లి, కెమెరా తన చేత్తో పట్టుకుని కూడా తీశాడు. ఆ దృశ్యాలతో, మిగతా శిబిరాల దృశ్యాలతో కలిపి ఆయన పర్యవేక్షణలో కూర్చిన సినిమాను 1945 నవంబరు 29న న్యూరెంబర్గ్ న్యాయస్థానంలో సాక్ష్యంగా ప్రదర్శించారు. ఒకరి మీద ఒకరు పడేంతగా మనుషుల్ని కిక్కిరించి నవ్వు పుట్టించిన మనిషి, మూడేళ్లు తిరక్కుండా, మనుషుల్ని కిక్కిరించి చంపిన చోట నిలబడాల్సి వచ్చింది. కిక్కిరిస్తే మనుషులు ఒకరికొకరు అవుతారన్న నమ్మకం అక్కడ ఏమవ్వాలి?

ఇంటికొచ్చాక ఆయన 'ఎ ప్లేస్ ఇన్ ద సన్', 'షేన్', 'జెయింట్' తీశాడు. అన్నీ బరువైన సినిమాలు. 'షేన్'లో ఇల్లాలిగా కనిపించేది మన మిల్లిగన్, జీన్ ఆర్థరే. అదే ఆమె చివరి సినిమా. ఆ ఇల్లాలి కళ్లలో మెట్ల మీది ఆ పిల్ల కోసం నేను వెతికాను. ఉంది, చాలా లోపల ఉంది. దాఖావ్ చూశాక స్టీవెన్స్‌లో హాస్యం చచ్చిపోయిందని రాసినవాళ్లు చాలామంది. ఆయన మళ్లీ ఆ దారి పట్టకపోవడం చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. నేనూ అలాగే నమ్మేదాన్నేమో, 1959లో ఆయన తీసిన 'ద డైరీ ఆఫ్ యాన్ ఫ్రాంక్' చూసి ఉండకపోతే.

'ద మోర్ ద మెరియర్'నూ దీన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇల్లు ఇరుకు. చోటు చాలని మనుషులు. ఎవరు ఎప్పుడు కదలాలి, ఎవరు ఎప్పుడు నీళ్లు వాడుకోవాలి అన్నది గడియారం ప్రకారం. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, వాళ్ల మధ్య మాటలు, ఒక ముద్దు. బయట యుద్ధం. అన్నీ అవే. తేడా ఒక్కటే. ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ అనే యూదు అమ్మాయి కుటుంబం నాజీలకు కనబడకుండా దాక్కున్న ఆ చాటుగదుల్లో కింద పనివాళ్లున్నంతసేపూ దగ్గితే ప్రాణం పోతుంది. గోడకు అవతల ఉన్నది పొరుగువాడు కాదు, పట్టించేవాడు కావచ్చు. సినిమాస్కోప్ తెర మరీ వెడల్పని, ఆ వెడల్పును నరకడానికి స్టీవెన్స్ దూలాలూ స్తంభాలూ అడ్డం పెట్టి చోటును చిన్నది చేశాడు. కిటికీ బయట కెమెరా పెట్టి గోడను గీతగా మార్చినవాడే, ఇప్పుడు తెరనిండా గీతలు గీసి మనుషుల్ని బిగించాడు.

తేదీలు చూస్తే ఇంకా గుండె పట్టేస్తుంది. వాషింగ్టన్ ఇంటి కథను హాలీవుడ్‌లో చిత్రీకరించింది 1942 చివరి నెలల్లో. ఫ్రాంక్ కుటుంబం అజ్ఞాతంలోకి వెళ్లింది అదే ఏడాది జులైలో. నవంబరులో ఎనిమిదో మనిషి వచ్చి చేరాడు. ఫ్రిట్జ్ ఫెఫర్, యాభై దాటిన పళ్ల డాక్టరు. ఆయనకు ఇంకెక్కడా చోటు లేక, పదమూడేళ్ల యాన్ గదిలోనే సర్దుకోమన్నారు. బల్ల ఎవరిది, ఎన్ని గంటలు ఎవరు వాడుకోవాలి అని ఇద్దరికీ తగువులు. అటు స్టూడియోలో ఒక పెద్దాయన, ఒక అమ్మాయి ఒక ఇంటిని పంచుకోలేక పడే తిప్పలు చూసి లైట్‌బాయ్‌లు నవ్వుకుంటూ ఉండాలి. అదే వారాల్లో ఇటు నిజంగానే ఒక పెద్దాయన, ఒక అమ్మాయి ఒక గదిని పంచుకుంటున్నారు. ఫెఫర్ 1944 డిసెంబరులో నాజీ శిబిరంలో చనిపోయాడు. యాన్ ఆ తర్వాతి ఏడాది మొదట్లో. ఆ ఎనిమిది మందిలో బతికి బయటపడింది యాన్ తండ్రి ఒక్కడే.

పదిహేడేళ్ల తర్వాత ఆ పళ్ల డాక్టరు పాత్రకు స్టీవెన్స్ ఎవర్ని పెట్టుకున్నాడు? ఎడ్ విన్‌ను. వేదిక మీద విచిత్రమైన టోపీలు, పిచ్చి పిచ్చి మాటలతో, తర్వాత రేడియోలో, తరాల పాటు అమెరికాను నవ్వించిన హాస్యగాణ్ణి. పక్కగదిలోని పిల్లి పడక తుమ్ములొస్తాయి ఆ పాత్రకు. తుమ్మితే కిందికి వినిపిస్తుంది. 1943లో ఆ తుమ్ము నవ్వై ఉండేది. ఇక్కడా ఒక్క క్షణం నవ్వే వస్తుంది. ఆ నవ్వు సగంలో ఉండగానే అందరి చూపులూ నేలవైపు తిరుగుతాయి. లారెల్, హార్డీల దగ్గర నేర్చుకున్న అదే ఓపిక, అదే లెక్క. దెబ్బ తగలబోతోందని మనకు తెలుసు. హాలీవుడ్‌లో గంభీరమైన నటులకు కొదవ లేదు. భయంతో ముడుచుకుపోయిన ఆ ఇంటికి ఎనిమిదో మనిషిగా ఒక హాస్యగాణ్ణి ఏరి తెచ్చుకున్నవాడు నవ్వును దాఖావ్‌లో వదిలేసి వచ్చాడంటే నేను నమ్మను.